విత్తనం వచ్చింది, విద్య రాలేదు

పాఠ్యపుస్తకాల్లోనూ పోటీపరీక్షల గైడ్లలోనూ మాయా, అజ్టెక్, ఇంకా అనే మూడు పేర్లు ఎప్పుడూ ఒకే పేరాలో ఉంటాయి. పైన ‘అమెరికా ఖండపు ప్రాచీన నాగరికతలు’ అని శీర్షిక. కింద పిరమిడ్లు, బంగారం, నరబలి, పంచాంగం. చివర్లో స్పెయిన్ వాళ్ళు వచ్చి నాశనం చేశారని ఒక వాక్యం. వీళ్ళంతా ఒకే కాలం వాళ్ళు, ఒకే తీరు వాళ్ళు, ఎప్పుడో అంతరించిపోయిన వాళ్ళు అన్నదే చదివినవాడి బుర్రలో మిగులుతుంది. మూడూ తప్పే. కర్నూలు జిల్లా కోడుమూరు లాంటి మెట్టసీమ ఊళ్ళో ఉండి చూస్తే ఇంకో తప్పు కూడా తేలుతుంది. వాళ్ళకూ మనకూ ఏ సంబంధమూ లేదనుకోవడం ఆ నాలుగోది.

ముందు కాలం సంగతి. అజ్టెక్కులని మనం పిలిచే మెషికా జనం టెస్కోకో సరస్సు మధ్య దీవిలో తెనోచ్‌తిత్లాన్ నగరానికి పునాది వేసింది 1325లో అని వాళ్ళ సంప్రదాయం. విజయనగరం పుట్టింది 1336లో. అంటే హంపి కంటే ఆ నగరం పదకొండేళ్ళు పెద్దది, అంతే. ఇంకా రాజ్యాన్ని సామ్రాజ్యంగా మార్చిన పాచకూతి 1438లో గద్దెనెక్కాడంటారు. అప్పుడు ఇక్కడ ప్రౌఢదేవరాయల ఏలుబడి. శ్రీకృష్ణదేవరాయలకూ అజ్టెక్కు చక్రవర్తి రెండో మోక్టెజుమాకూ మధ్య పట్టాభిషేకాల్లో ఏడేళ్ళే తేడా. రాయలు 1520లో రాయచూరు గెలిచాడు, ఆ మరుసటేడు ఆగస్టులో తెనోచ్‌తిత్లాన్ కూలింది. అచ్యుతరాయల కాలానిదని చెప్పుకునే కర్నూలు కొండారెడ్డి బురుజును, ఇంకా రాజు అతహువాల్పాను స్పెయిన్ దండనాయకుడు పిజారో పట్టుకున్న 1532 సంవత్సరాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. హంపిని ప్రాచీన నాగరికత అని మనం అనం కదా. మరి వీటిని ఎందుకంటున్నాం?

మాయాల కథ వేరు. వాళ్ళది రెండువేల ఏళ్ళకు పైగా సాగిన చరిత్ర. గ్వాటెమాలాలోని సాన్ బార్తోలోలో దొరికిన తొలి మాయా అక్షరాలు క్రీస్తుపూర్వం 300 ప్రాంతానివి. మన తుగ్గలి మండలం ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చెక్కిన శతాబ్దానికి అటూ ఇటూగా అన్నమాట. పాలెంకే నగరాన్ని పాకాల్ అనే రాజు 615 నుంచి 683 దాకా ఏలాడు. కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే వచ్చే అలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఆ కాలపు బాదామి చాళుక్యులవే. తికాల్, కోపాన్ లాంటి దక్షిణాది నగరాలు 900 నాటికి పాడుబడ్డాయి. అజ్టెక్కులు రాజ్యానికి వచ్చేసరికి అవి అడవి కప్పేసిన దిబ్బలు. కాబట్టి మూడింటినీ ఒకే గాటన కట్టడం శాతవాహనులనూ రాయలనూ ఒకే దర్బారులో కూర్చోబెట్టడమే.

అంతరించారన్న మాట కూడా నిలవదు. మాయా భాషలు ముప్పై దాకా ఉన్నాయి, మాట్లాడేవాళ్ళు అరవై లక్షలకు తగ్గరు. అజ్టెక్కుల నావాటిల్ భాష పదహారు లక్షల మందికి ఇప్పటికీ ఇంటిభాష. ఇంకాల కెచువా మాట్లాడేవాళ్ళు కోటికి దగ్గరగా ఉన్నారు. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్తా మెంచూ కిచే మాయా ఆడబిడ్డ. కూలిపోయింది రాజ్యాలు. జనం కాదు.

తెలుగునాట ఈ విషయం ఎత్తగానే ఎవరో ఒకరు మయసభ కట్టిన మయుడే అక్కడికి పోయి మాయాలకు మూలపురుషుడయ్యాడన్న వాదం తీసుకొస్తారు. ఇది కొత్త మాటేమీ కాదు, 1940లోనే చమన్‌లాల్ ‘హిందూ అమెరికా’ అనే పుస్తకం రాశాడు. మాయాల దీర్ఘ పంచాంగం క్రీస్తుపూర్వం 3114లో మొదలవుతుంది, మన కలియుగం 3102లో. పన్నెండేళ్ళే తేడా చూడండి, ఇంకేం రుజువు కావాలంటారు. కానీ ఈ రెండూ ఆనాడు ఎవరో చూసి రాసిపెట్టుకున్న తేదీలు కావు. తర్వాతి జ్యోతిష్కులు లెక్కగట్టుకుంటూ వెనక్కి పోయి నిలబెట్టినవి. కలియుగం ఆరంభమై 3600 ఏళ్ళు గడిచాయన్న లెక్క ఆర్యభటుడి దగ్గర క్రీస్తుశకం 499 నాటికి సంబంధించి కనిపిస్తుంది. దీర్ఘ పంచాంగం తేదీతో దొరికిన తొలి శిలలు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దానివి. అదీగాక మయుడు నిజంగా అక్కడికి పోయి వచ్చి ఉంటే కనీసం నాలుగు మిరపగింజలైనా కొంగున కట్టుకొచ్చేవాడు. కొలంబస్ 1492లో పోయేదాకా మన వంటింట్లో మిరప లేదు, అక్కడి వంటింట్లో మిరియాలు లేవు. సోమనాథపురం హొయసల శిల్పాల చేతుల్లో ఉన్నవి అమెరికా పంటైన మొక్కజొన్న కంకులని కొందరు వాదించారు. ముత్యాలు పొదిగినట్టు చెక్కిన ఫలాలని ఎక్కువమంది పండితుల మాట. పొలాల్లో తవ్వితే ఒక్క గింజ దొరికినా ఆ వాదానికి బలం వచ్చేది. 2012లో యుగాంతమని టీవీ చానళ్ళు పెట్టిన గోల గురించి చెప్పడమే దండగ. ఆ ఏడు డిసెంబరు 21న మాయా లెక్కలో ఒక పెద్ద చక్రం పూర్తయింది, అంతకుమించి ఏమీ లేదు.

నరబలి మాటకొస్తే దాన్ని దాచిపెట్టాల్సిన పని లేదు. మెక్సికో నగరంలో పెద్దగుడి పక్కన పుర్రెల గోపురం 2015లో బయటపడ్డాక, అదంతా స్పెయిన్ వాళ్ళ కట్టుకథ అనే వీలు లేకుండా పోయింది. అయితే 1487లో గుడి ప్రారంభానికి ఎనభైవేల మందిని బలిచ్చారన్న లెక్క మాత్రం నమ్మేలా లేదు. నాలుగు రోజుల్లో అంతమందిని చంపడం ఎట్లా కుదురుతుంది? మనం ముక్కు మూసుకునే ముందు శ్రీశైలం దాకా పోయి రావడం మంచిది. రెడ్డిరాజు అనవేముడు 1378 ప్రాంతంలో కట్టించిన వీరశిరోమండపంలో భక్తులు తమ తలలూ నాలుకలూ తామే కోసి మల్లన్నకు అర్పించేవాళ్ళని శాసనమే చెబుతోంది. మెషికాలు బలిచ్చింది యుద్ధఖైదీలను, ఇక్కడివాళ్ళు తమను తామే. తేడా పెద్దదే. దేవుడికి నెత్తురు కావాలన్న నమ్మకం మాత్రం రెండు చోట్లా ఉండేది.

ఇక అసలు సంగతి. మాచు పిచ్చు గురించి, బంగారపు గదుల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. కోడుమూరు చుట్టుపక్కల నిలబడి చూసేవాడికి ఆ జనాలు వదిలిన ఆస్తి చేలల్లో, పళ్ళెంలో కనిపిస్తుంది. పొద్దున్నే బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని బజ్జీ తినండి. బొరుగులు మనవే, ఉల్లిగడ్డ ఆసియాదే, పసుపు మనదే. ఉగ్గానిలో వేసే టమోటా, అందులో పచ్చిమిరప, పక్కన పెట్టే మిరపకాయ బజ్జీ మెక్సికో జనం పెంచి పోషించిన పంటలు. తాలింపుకు పోసింది బుడ్డల నూనె, అంటే వేరుశనగ నూనె అయితే అది ఆండీస్ కొండల తూర్పు వాలు సొత్తు. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసి పోతారే, ఆ టమోటా, ఆదోని జిన్నింగు మిల్లులకు పోయే పొడుగుపింజ పత్తి, గట్ల మీది సీతాఫలం, తోటలో జామ, బొప్పాయి, పొగాకు. అన్నీ అక్కడివే. రాయలసీమ కారం అని మనం మీసం మెలేసేది ఐదొందల ఏళ్ళ వెనకటి మాట కూడా కాదు. శ్రీనాథుడు కర్ణాట రాజ్యానికి పోయిన రోజుల్లో ఇక్కడ ఎర్రకారమే లేదు.

అయితే ఈ పంటలు ఇక్కడికి వచ్చిన తీరులోనే ఒక లోపం ఉంది. వీటిని పెంచిన రైతు చేతి నుంచి మన రైతు చేతికి రాలేదు. ఆ రైతును కొట్టి, దోచి, మశూచి అంటించి వచ్చిన ఓడల్లో వచ్చాయి. పోర్చుగీసు నావికుడికి గింజ ఎట్లా ఉంటుందో తెలుసు, దాన్ని ఏ పంట పక్కన వేయాలో, ఎట్లా వండాలో, కరువేడాదికి ఎట్లా దాచాలో తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. విత్తనం వచ్చింది, విద్య అక్కడే ఆగిపోయింది. ఈ మూడు నాగరికతల గురించి సీమవాసి తెలుసుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే అని నా అభిప్రాయం.

నాగజెముడు కథ చూడండి. చేని గట్టు మీద ముళ్ళడొప్పల చెట్టు అని మనం చీదరించుకునేది మెషికాలకు పవిత్ర వృక్షం. సరస్సులోని బండ మీద మొలిచిన నాగజెముడు జాతి చెట్టుపై గద్ద వాలిన చోటే నగరం కట్టమని వాళ్ళ దేవుడు చెప్పాడట. ఈనాటి మెక్సికో జెండా మీద ఉన్నది ఆ బొమ్మే. ఆ డొప్పల మీద తెల్లగా దూదిపింజల్లా అంటుకుని ఒక పురుగు పెరుగుతుంది. దాన్ని గోటితో నలిపితే వేలు ఎర్రగా, నెత్తురంటినట్టు అవుతుంది. మెక్సికోలోని ఓహాకా ప్రాంతపు రైతులు ఈ పురుగునే పాడిపశువులా సాకేవాళ్ళు. వానకూ మంచుకూ తడవకుండా కప్పు వేసి, తల్లిపురుగులను ఎంచి దాచి, కొత్త డొప్పలకు అంటించి, తరతరాలుగా మేలుజాతిని తయారుచేశారు. అజ్టెక్కు చక్రవర్తులకు కప్పంగా పోయిన ఆ రంగు తర్వాత స్పెయిన్ ఖజానాకు వెండి తర్వాత అంతటి విలువైన సరుకైంది.

ఆ గుత్తాధిపత్యాన్ని దెబ్బతీయాలని ఈస్టిండియా కంపెనీ మద్రాసులో ప్రయత్నం చేసింది. జేమ్స్ ఆండర్సన్ అనే కంపెనీ వైద్యుడు అప్పటికే నాగజెముడు తోట వేసి కూర్చున్నాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు కూడా వచ్చింది. తీరా చూస్తే అది మేలుజాతి కాదు, అడవి పురుగు. దాన్ని సాకే విద్య తెలిసినవాడు వెంట రాలేదు. రంగు నాసి, ధర పలకలేదు, వ్యాపారం మూలపడింది. మిగిలింది ముళ్ళకంప. అది దక్షిణాది బీళ్ళను ఎంతగా ఆక్రమించిందంటే, దాన్ని చంపడానికి 1926లో సింహళం నుంచి అదే కుటుంబానికి చెందిన ఇంకో పురుగును తెచ్చి వదలాల్సి వచ్చింది. ఒకచోట సిరులు కురిపించిన చెట్టూ పురుగూ ఇంకోచోట ఒకదాన్ని ఒకటి చంపుకునే శనిగా మారాయి.

బుడ్డలది ఇంతకంటే పెద్ద కథ. అనంతపురం, కడప వైపు చెనిక్కాయ అంటారు, మనవైపు బుడ్డలు. దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా సరిహద్దులో రెండు అడవి మొక్కలు కలిసి పుట్టిన సంకరం ఇది. ఆండీస్ జనం వేల ఏళ్ళుగా తిన్నారు. ఇంకాల కంటే వెయ్యేళ్ళ ముందు పెరూ తీరాన ఏలిన మోచే ప్రభువు ఒకడి సమాధిని 1987లో వాల్టర్ ఆల్వా అనే పురావస్తు పండితుడు సిపాన్‌లో తవ్వి తీశాడు. ఆ ప్రభువు మెడలో ఉన్న హారం పూసలు అచ్చు బుడ్డకాయలే. పది బంగారువి, పది వెండివి, మామూలు కాయకు ఎన్నో రెట్లు పెద్దవి, మీద నొక్కులూ గీతలూ కూడా తీర్చి చేశారు. పంటను అంత గౌరవంగా చూసుకున్న సీమ ఒకటి ఉండేది.

కానీ ఆ సీమలో ఎవరూ బుడ్డలొక్కటే వేసి ఆకాశం వంక చూస్తూ కూర్చోలేదు. ఆండీస్ బతుకుతెరువును దశాబ్దాలు పరిశోధించిన జాన్ ముర్రా 1972లో చెప్పిన మాట ఇప్పటికీ చర్చకు కేంద్రం. అక్కడ ఒక్కో కులకట్టు లాంటి బంధుసమూహం, దాని పేరు ఐల్యూ, కొండ మీద వేర్వేరు ఎత్తుల్లో భూములు అట్టిపెట్టుకునేది. పైన ఆలుగడ్డ, నడుమ మొక్కజొన్న, కింద మిరప, కోకా. ఒక ఎత్తులో మంచు పంటను కాల్చేస్తే ఇంకో ఎత్తు తిండి పెడుతుంది. ఆలుగడ్డలోనూ ఒకే చేలో పదుల రకాలు కలిపి నాటడం ఈరోజుకీ కనిపిస్తుంది. లిమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం దాచిన రకాలు నాలుగువేలకు పైమాటే.

మనం ఏం చేశాం? కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న, కంది, అలసంద కలిపి చల్లుకునే మెట్టచేలల్లో నూనెమిల్లుల గిరాకీ చూసి బుడ్డల మీద పడ్డాం. అనంతపురం జిల్లాలో సాగుభూమిలో సగానికి పైగా అదొక్కటే అయ్యే రోజులొచ్చాయి. కర్నూలు పడమటి మండలాలదీ కొంతకాలం అదే దారి. ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్లు కూడా దాటని వానలో, ఊడలు దిగే వేళకు ఒక్క పదును తప్పితే కాయ లొట్టపోతుంది. కదిరి పరిశోధనా కేంద్రం మంచి రకాలే ఇచ్చింది. కదిరి-3, కదిరి-6, ఆ తర్వాత లేపాక్షి. బెట్టను ఓర్చుకునే గింజ ఇవ్వడం శాస్త్రవేత్తల పని, వాళ్ళు చేశారు. అన్ని గుడ్లూ ఒక్క గంపలోనే పెట్టకూడదన్న సంగతి ఏ గింజా చెప్పదు. ఇప్పుడు మనవైపు బుడ్డలు తగ్గి పత్తి వచ్చింది. అదీ మెక్సికోదే, అదీ ఒక్కటే పంట.

మొక్కజొన్న దగ్గర ఈ లోపం ప్రాణాల మీదికి వచ్చింది. తొమ్మిదివేల ఏళ్ళ కిందట మెక్సికోలోని బాల్సాస్ లోయలో తియోసింటే అనే గడ్డి నుంచి ఈ పంటను తయారుచేసిన జనం దాన్ని నేరుగా పిండి పట్టరు. సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి, అప్పుడు రాతి మీద నూరతారు. ఆ సున్నం మనం తమలపాకుకు రాసుకునేదే. దానివల్ల గింజలో చిక్కుకుని ఉన్న నియాసిన్ అనే విటమిను ఒంటికి పడుతుంది, సున్నపు ధాతువూ అందుతుంది. యూరపు వాళ్ళు గింజ తీసుకుపోయి ఈ పద్ధతిని ఆటవికుల అలవాటు కింద వదిలేశారు. ఫలితంగా ఇటలీలో, ఆ తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తిని బతికే పేదలకు పెల్లాగ్రా పట్టుకుంది. చర్మం నల్లబారి పెట్లిపోవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం.

ఇందులో మనకేం పని అనుకోకండి. 1960 ప్రాంతంలో హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఇదే పెల్లాగ్రాను దక్కను పీఠభూమి పేదల్లో చూశారు. వాళ్ళు మొక్కజొన్న తినేవాళ్ళు కాదు, జొన్న తినేవాళ్ళు. జొన్నలో లూసిన్ అనే పదార్థం మోతాదు మించి ఉండటమే కారణమని ఆ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దానిమీద తర్వాత చాలా చర్చ నడిచింది. రొట్టెకు తోడు పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్న ఇంట్లో ఈ జబ్బు కనిపించదు, ఒట్టి సంకటి మీద బతికే కూలివాడికే వస్తుంది. గింజను తప్పుపట్టి లాభం లేదు. గింజ పక్కన ఏముందన్నదే ప్రశ్న. మెక్సికో పల్లెల్లో మొక్కజొన్న కాండానికి చిక్కుడు పాకుతుంది, నేల మీద గుమ్మడి పరుచుకుంటుంది. చేలో కలిసి పండినవి పళ్ళెంలోనూ కలుస్తాయి.

కరువుల దగ్గరికి వస్తే, అజ్టెక్కుల బాధ సీమవాడికి అర్థమైనంతగా వేరెవరికీ కాదనిపిస్తుంది. వాళ్ళ ఏళ్ళకు నాలుగు పేర్లు: కుందేలు, రెల్లు, చెకుముకి, ఇల్లు. వాటికి ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు జోడిస్తూ పోతే 52 ఏళ్ళకు చక్రం తిరిగొస్తుంది. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా 60 అయినట్టు. 1450లో మంచు పంటను చంపింది. ఆ తర్వాత వరసగా వానలు తప్పాయి. 1454, అంటే ‘ఒకటో కుందేలు’ సంవత్సరం నాటికి కరువు ముదిరింది. మొదటి మోక్టెజుమా ధాన్యపు కొట్లు తెరిచి జనానికి పెట్టాడు. అవి ఖాళీ అయ్యాక చేతులెత్తేసి, ఎక్కడ తిండి దొరికితే అక్కడికి పొమ్మన్నాడు. తూర్పు తీరపు తొతొనాక్ జనం దగ్గర మొక్కజొన్న ఉంది. తల్లిదండ్రులు బిడ్డలను తీసుకుపోయి అమ్మారు. ఆడపిల్లకు నాలుగువందల కంకులు, మగపిల్లవాడికి ఐదువందలు అని ధర రాసిపెట్టారు స్పానిష్ పాదిరీలు. ఆ తర్వాత కరువు మాట వస్తే ఒకటో కుందేలు పాలబడ్డామని చెప్పుకునేవాళ్ళు. చక్రం తిరిగి 1506లో మళ్ళీ ఆ ఏడు వచ్చేసరికి రెండో మోక్టెజుమా ఎంత జంకాడంటే, యాభైరెండేళ్ళకోసారి జరిపే కొత్త నిప్పు పండుగను ఆ ఏడాది నుంచి తప్పించి మరుసటేడుకు జరిపాడు.

మనకు ధాత కరువు. 1876లో మొదలైన ఆ కరువును ఇప్పటికీ ఆ సంవత్సరం పేరుతోనే పిలుస్తాం. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య నాలుగో వంతు జనం తగ్గిపోయారు. అప్పటికే గుత్తి మీదుగా రైలు పోతోంది, ధాన్యం ఆ రైళ్ళలో కదులుతోంది, కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని, కరువు పర్యవేక్షణకు సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మోక్టెజుమా కొట్లు ఖాళీ అయ్యాకే జనాన్ని వదిలేశాడు. ఇక్కడి దొరలు సరుకు ఉండగానే వదిలేశారు. ధాత 1936లోనూ 1996లోనూ మళ్ళీ వచ్చింది. కుందేలుకు మెషికాలు భయపడినట్టు ఆ పేరుకు మనమెవరమూ భయపడలేదు. భయపడాల్సింది సంవత్సరం పేరుకు కాదు గనక అదీ మంచిదే.

కరువును ఎదుర్కొనే ఏర్పాటులో అందరికంటే ముందున్నది ఇంకాలు. వాళ్ళకు నాణెం లేదు, బండిచక్రం లేదు, ఇనుము లేదు, మన అర్థంలో లిపి కూడా లేదు. అయినా కొండవాలు మీద గాలి ఆడేచోట వరసలు వరసలుగా రాతికొట్లు కట్టారు. హువానుకో పంపా అనే ఒక్క పాలనాకేంద్రం దగ్గరే ఐదువందల దాకా ఉన్నాయి. పగటి ఎండకూ రాత్రి మంచుకూ మార్చి మార్చి ఆరబెట్టి, కాళ్ళతో తొక్కి నీరు తీసిన ఆలుగడ్డ అందులో ఏళ్ళతరబడి నిలవ ఉండేది. లెక్కలన్నీ కిపూ అనే ముడులతాళ్ళ మీద. ఆ లెక్క ఎంత నికరమైందంటే, స్పెయిన్ సైన్యానికి తాము ఏమేం ఇచ్చామో హువాంకా జాతి పెద్దలు 1560 ప్రాంతంలో లిమా కోర్టులో తాళ్ళు విప్పి అప్పజెప్పారు. దీన్ని రామరాజ్యం అనుకోనక్కర్లేదు. ఆ కొట్లు నింపింది ఓడిపోయిన జాతుల వెట్టిచాకిరి, తిన్నవాళ్ళలో ముందు వరస సైనికులది. లొంగని జనాన్ని ఊళ్ళకు ఊళ్ళు పీకి దూరదేశాల్లో నాటడం కూడా ఇంకా పాలనలో మామూలే.

మన నల్లరేగడి పల్లెల్లో కొట్టు భూమి లోపల ఉండేది. గట్టినేల చూసి పాతర తవ్వి, అడుగునా అంచులకూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, మీద మళ్ళీ చొప్ప వేసి, మట్టి కప్పి మెత్తేవాళ్ళు. ఏళ్ళు గడిచాక తెరిచినా గింజ పనికొచ్చేది. తెరిచిన వెంటనే దిగితే లోపలి గాలికి మనిషి ప్రాణం పోతుందని తెలిసి, చాలాసేపు గాలి ఆడనిచ్చాకే దిగేవాళ్ళు. ఇంకాల కొట్టు రాజుది, మన పాతర రైతుది. నాకు రెండోదే నచ్చుతుంది. కానీ పాతర లేని కూలివాడికి ధాత కరువులో దిక్కెవరన్న ప్రశ్నకు ఈ ఇష్టం జవాబు చెప్పదు.

నీళ్ళ విషయంలో మాయాల నుంచి నేర్చుకోవాల్సింది ఉంది, జాగ్రత్తపడాల్సిందీ ఉంది. వాళ్ళ ఉత్తరాది యూకతాన్ మన బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు లాగా సున్నపురాతి నేల. వానంతా లోపలికి ఇంకిపోతుంది, పైన ఏరు పారదు. అందుకే ఇంటి ముంగిలి నేలకు గచ్చు చేసి, వాననీళ్ళు భూమిలోని సీసా ఆకారపు తొట్టిలోకి దిగేలా కట్టుకున్నారు. తికాల్‌లో నగరం నేలంతా గచ్చు చేసి వానను చెరువులకు మళ్ళించారు, ఒక చెరువులో నీళ్ళు వడకట్టడానికి దూరం నుంచి జియోలైట్ ఇసుక తెచ్చి వాడినట్టు 2020లో తేలింది. ఇంత చేసినా 800 తర్వాత వచ్చిన వరస బెట్టలకు ఆ నగరాలు నిలవలేదు. చిచంకనాబ్ సరస్సు అడుగు మట్టి తవ్వి ఆ కరువుల ఆనవాళ్ళను 1995లో బయటపెట్టారు. కరువొక్కటే వాళ్ళను కూల్చిందనే వాదం మాత్రం నాకు పూర్తిగా రుచించదు. రాజులు ఒకరినొకరు చంపుకుంటున్నారు, అడవులు తరిగాయి, జనం పెరిగారు. వాన కురిపించగల దేవాంశ సంభూతులమని చెప్పుకున్న రాజుల మాట వాన రానప్పుడు ఎవరు వింటారు? అదే కరువు కాలంలో ఉత్తరాన చిచెన్ ఇట్జా నగరం కొంతకాలం వెలిగిందన్నది కూడా మరవకూడదు.

పెరూలో ఇంకాల కంటే పాతవైన కాలువలు ఇప్పటికీ కొన్ని పల్లెల్లో పనిచేస్తున్నాయి. వానాకాలపు వరదను కొండ మీది బండల సందుల్లోకి మళ్ళిస్తే, ఆ నీరు సగటున నెలన్నర తర్వాత కింది ఊటల్లో తేలుతుందని 2019లో కొలిచి చెప్పారు. లిమా నగరానికి నీళ్ళివ్వడానికి ఇప్పుడు వాటిని బాగుచేయిస్తున్నారు. మన హంద్రీకి గాజులదిన్నె దగ్గర సంజీవయ్య పేరిట జలాశయం ఉంది, శ్రీశైలం నీళ్ళను ఎత్తిపోసే హంద్రీ-నీవా కాలువ ఉంది. రెండూ కావాల్సినవే. వంకల మీది పాత కుంటలు, రాతికట్టలు మాత్రం ఏ పద్దులోనూ లేనట్టు పూడిపోతున్నాయి.

విద్య పోవడం పంటల దగ్గరే ఆగలేదు. 1562లో యూకతాన్‌లోని మానీ అనే ఊళ్ళో డియెగో దె లాందా అనే పాదిరీ మాయా పుస్తకాలను కుప్పపోసి కాల్పించాడు. మిగిలినవి నాలుగే. ఆ లిపిని మళ్ళీ చదవడానికి 1952లో రష్యన్ పండితుడు క్నోరొజోవ్ దారి చూపించేదాకా ఆగాల్సి వచ్చింది. కిపూ ముడుల్లో అంకెలు తప్ప ఇంకేముందో ఈరోజుకీ ఎవరూ చదవలేరు. చదవగలిగినవాళ్ళు ఉన్న రోజుల్లో ఆ చదివే తీరును అడిగి రాసుకున్న విజేత లేడు. సహగూన్ అనే మరో పాదిరీ మాత్రం నావాటిల్ పెద్దలను కూర్చోబెట్టుకుని వాళ్ళ వంట, వైద్యం, పంట, రంగు, ప్రతిదీ వాళ్ళ భాషలోనే పన్నెండు భాగాలుగా రాయించాడు. అజ్టెక్కుల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్దభాగం ఆ పుస్తకం పెట్టిన భిక్షే.

మన దగ్గర ఎవరి లిపినీ ఎవరూ కాల్చలేదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తనకోశంలో పదిహేనువేల దాకా వేరుశనగ రకాలు చల్లగా భద్రంగా ఉన్నాయి. వాటిని ఏ పంటతో కలిపి ఏ కార్తెలో వేశారో, పాతర ఏ నేలలో తవ్వారో, వాన ఆలస్యమైతే ఏ గింజకు మారారో తెలిసిన ముసలివాళ్ళు కోడుమూరు, గూడూరు, దేవనకొండ పల్లెల్లో ఇంకా ఉన్నారు. డిగ్రీ కాలేజీల్లో చరిత్ర, వ్యవసాయం చెప్పే మాస్టర్లు పిల్లలకు ప్రాజెక్టు కింద పిరమిడ్ బొమ్మలు అతికించమని చెప్పే బదులు, ఒక్కొక్కరిని ఒక్కో ఊరికి పంపి ఈ సంగతులు ఆ పెద్దల మాటల్లోనే రికార్డు చేయించాలి. సెల్‌ఫోను చాలు, వచ్చే ఏరువాకకే మొదలుపెట్టొచ్చు.